పట్నం బండి ఎన్ని గంటలకు కదలాలి?



పోయిన వారం మన కేంద్రంలో గడియారం పాఠం చదువుకున్నాం. చిన్న ముల్లు, పెద్ద ముల్లు చూసి గంటలు చెప్పడం నేర్చుకున్నాం. పాఠం అయిపోయింది. అందరూ పలకలు సర్దుకుంటున్నారు. అప్పుడు వెనక వరుసలోని ఒక అక్క లేచింది. ఆమె చేవెళ్ల దగ్గర ఒక పల్లె నుంచి పట్నానికి కూరగాయల బండి తోలుతుంది.

"టీచరమ్మా, గంటలు చదువుడు వచ్చింది. సంతోషమే. గని ఎన్ని గంటలకు బండి తీస్తే పట్నంల ఇరుక్కపోకుండ పోతనో, అది చెప్పు" అన్నది.

అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆమె అడిగింది నిజమైన లెక్క. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. బండ్లు తోలేవాళ్లను అడిగి, కాగితం మీద లెక్క వేసుకుని ఈ పాఠం రాశాను.

ఆ రోజు ఏమైంది?

ఆ అక్క బండికి నాలుగు చక్రాలు. వెనక ట్రాలీ. సంఘంలో అప్పు తీసుకుని కొన్నది. పక్కన ఆమె ఆడబిడ్డ కూర్చుంటుంది. వెనక పాలకూర, మెంతికూర, కొత్తిమీర. రోజూ నాలుగున్నరకు ఇల్లు కదులుతారు. మెహిదీపట్నం రైతు బజారులో అమ్ముతారు.

ఆ రోజు గేదె ఈనింది. దాని పని చూసి, పిల్లలకు అన్నం వండి పెట్టి బయలుదేరేసరికి ఆరూ ముప్పావు అయింది. మొయినాబాద్ దాకా బండి బాగానే పోయింది. అజీజ్‌నగర్ దాటింది. అప్పా జంక్షన్ దగ్గర నెమ్మదించింది. (అప్పా అంటే మనం తీర్చే అప్పు కాదు. అక్కడ పోలీసు అకాడమీ ఉంది. దాని పాత పేరులోని ఇంగ్లీషు అక్షరాలు కలిపి జనం అట్లా పిలుస్తారు.) లంగర్‌హౌజ్ వచ్చేసరికి బండి పూర్తిగా ఆగింది. ముందు బస్సు, వెనక స్కూలు బస్సు, రెండు పక్కలా మోటారు సైకిళ్లు.

"వదినె, దిగి నడిచినా జల్ది పోతమేమో" అన్నది మరదలు.

"దిగితే కొత్తిమీర నువ్వు మోస్తవా? ఊకో. ఎనకకు పోయి కట్టల మీద ఇన్ని నీళ్లు చల్లు."

బజారు చేరేసరికి తొమ్మిదీ పావు. మంచి బేరాలు అప్పటికే అయిపోయాయి. కొత్తిమీర తల వాల్చింది. ఏడు గంటలకు పది రూపాయలకు 2 కట్టలు అమ్మే సరుకును పది రూపాయలకు 4 కట్టలు ఇవ్వాల్సి వచ్చింది. వాళ్ల దగ్గర 300 కట్టలు ఉన్నాయి. లెక్క చూడండి.

2 కట్టలు 10 రూపాయలు అయితే, 300 కట్టలకు 1,500 రూపాయలు.
4 కట్టలు 10 రూపాయలు అయితే, 300 కట్టలకు 750 రూపాయలు.

సగానికి సగం పోయింది. డీజిలు ఖర్చు మాత్రం సగం కాలేదు. ఆగి ఆగి నడిచిన బండి ఇంకా ఎక్కువే తాగింది.

ఇంటి నుంచి రెండుంబావు గంటలు ఆలస్యంగా కదిలారు. ఆ రెండుంబావు గంటలే కాదు, దారిలో ఇంకో గంటకు పైగా పోయింది. ఆ గంట ఎవరు తిన్నారు?

నల్లా దగ్గర చూద్దాం

ఊరి ట్యాంకు కింద ఒకే నల్లా ఉంది అనుకోండి. పొద్దంతా నీళ్లు వస్తాయి. ఒక బిందె నిండడానికి ఒక నిమిషం పడుతుంది.

తెల్లారి అయిదింటికి ఎప్పుడో ఒకరు వస్తారు. వస్తారు, పట్టుకుంటారు, పోతారు. వరుస ఉండదు.

ఆరు గంటలకు అందరికీ నీళ్లు గుర్తొస్తాయి. ఆరు నుంచి ఏడు దాకా నిమిషానికి ఇద్దరు వస్తారు. నల్లా మాత్రం నిమిషానికి ఒక్క బిందే నింపుతుంది. అంటే ప్రతి నిమిషానికీ ఒక మనిషి వరుసలో మిగిలిపోతుంది. ఆరూ పదికి వచ్చినామె ముందు 10 మంది ఉంటారు. ఆమె 10 నిమిషాలు నిలబడాలి. ఆరున్నరకు వచ్చినామె ముందు 30 మంది. ఏడింటికి వచ్చినామె ముందు 60 మంది. ఆమె గంట సేపు నిలబడాలి.

ఏడు దాటింది. ఇప్పుడు జనం తగ్గారు. రెండు నిమిషాలకు ఒకరే వస్తున్నారు. "ఇంక రద్దీ పోయింది" అనుకుని ఒకామె ఏడున్నరకు బిందె తీసుకుని వచ్చింది. ఆమె ముందు ఎంతమంది ఉంటారు? ఆ అరగంటలో 30 మంది బిందెలు నిండాయి. కొత్తగా 15 మంది వచ్చారు. వరుస 60 నుంచి 45కు తగ్గింది, అంతే. ఆమె ముప్పావు గంట నిలబడాలి. ఎనిమిదింటికి వచ్చినామె కూడా అరగంట ఆగాలి. వరుస పూర్తిగా కరిగేది తొమ్మిదింటికి.

గమనించారా? జనం ఎగబడింది ఒక గంట. వరుస ఉన్నది మూడు గంటలు. ఆరు కంటే 15 నిమిషాలు ముందు వచ్చినామెకు ఒక్క నిమిషం కూడా నష్టం లేదు. ఏడు కంటే 30 నిమిషాలు తర్వాత వచ్చినామెకు 45 నిమిషాలు నష్టం.

రోడ్డు కూడా నల్లా లాంటిదే. వెడల్పు రోడ్డు మీద వచ్చిన బండ్లు ఇరుకు వంతెన దగ్గర, కూడలి దగ్గర, సిగ్నల్ దగ్గర ఒక్కొక్కటిగా దాటాలి. ఆ ఇరుకు నిమిషానికి ఇన్ని బండ్లనే దాటిస్తుంది. అంతకంటే ఎక్కువ వస్తే వరుస పెరుగుతుంది. వచ్చేవి తగ్గినా వరుస వెంటనే కరగదు.

కాబట్టి "కొద్దిగా ఆగి పోదాం, రద్దీ తగ్గుతుంది" అన్న మాట చాలాసార్లు మోసం చేస్తుంది. పోతే రద్దీకి ముందు పోవాలి. లేదా బాగా ఆలస్యంగా పోవాలి. నడుమ పోతే నష్టమే.

హైదరాబాద్‌లో ఉదయం ఎనిమిది నుంచి పదకొండు దాకా రోడ్లు నిండుతాయి. ముందు బడి బస్సులు, తర్వాత ఆఫీసులు. సాయంత్రం అయిదు నుంచి ఎనిమిదిన్నర, తొమ్మిది దాకా మళ్లీ అదే. గచ్చిబౌలి, హైటెక్ సిటీ వైపు కంప్యూటరు ఆఫీసులు ఉన్నాయి. అటువైపు సాయంత్రం వాన పడితే ఇంక చెప్పనక్కర లేదు. పండుగ ముందు రోజు, పెళ్లి ముహూర్తాల రోజు లెక్క వేరు. సంక్రాంతికి రెండు రోజుల ముందు విజయవాడ రోడ్డు ఎక్కితే ఏ గంట అయినా ఒకటే.

ఎవరూ ఆగకుండానే బండ్లు ఆగుతాయి

ఒక్కోసారి ముందు ప్రమాదం ఏదీ ఉండదు. అయినా అందరూ ఆగుతారు. ఎందుకు?

జపాన్ దేశంలో కొందరు శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించి 2008లో ప్రకటించారు. 230 మీటర్ల గుండ్రని బాట గీశారు. దాని మీద 22 కార్లు పెట్టారు. అందరూ ఒకే వేగంతో పొండి అన్నారు. సిగ్నల్ లేదు, గుంత లేదు, ఎదురు బండి లేదు. కొంతసేపు బాగానే తిరిగాయి. తర్వాత ఎవరో కొద్దిగా నెమ్మదించారు. వెనకవాడు ఇంకొంచెం గట్టిగా బ్రేకు తొక్కాడు. అతని వెనకవాడు మరీ గట్టిగా తొక్కాడు. చివరికి కొన్ని కార్లు పూర్తిగా ఆగాయి. ఆ ఆగడం అలలాగా వెనక్కి పాకింది.

కాబట్టి ముందు బండికి అంటుకుని పోవద్దు. జాగా వదలాలి. ఆ జాగాలో మోటారు సైకిలు దూరుతుంది, నిజమే. దూరనివ్వండి. జాగా ఉంటే మీరు మాటిమాటికీ బ్రేకు తొక్కే పని ఉండదు. డీజిలు మిగులుతుంది. వెనక కూర సంచులు కూడా జారవు.

సరుకును బట్టి గంట

ఈ సంగతి ఆ అక్కే నాకు చెప్పింది. నాకు తోచలేదు.

ఆకుకూర ఆగదు. అది ఏడు లోపలే బజారులో ఉండాలి. అంటే ఇంటి నుంచి అయిదు లోపలే కదలాలి. క్యారెట్ ఆగుతుంది. చేవెళ్ల వైపు క్యారెట్ బాగా పండుతుంది కదా. దాన్ని ఆకుకూరతో కలిపి పొద్దున్నే మోయాల్సిన పని లేదు. పదకొండు దాటాక నింపుకుని పోయినా చెడదు. ఆ వేళకు పట్నం రోడ్లు కొంత ఊపిరి పీలుస్తాయి. మూడు లోపల అమ్మి, నాలుగుకల్లా వెనక్కి మళ్లాలి.

పొద్దున అమ్మినవాళ్లు తొమ్మిది, పదికి ఇంటికి మళ్లినా భయం లేదు. ఆ వేళ జనమంతా పట్నం లోపలికి వస్తుంటారు. మీరు బయటికి పోతుంటారు. మీ వైపు రోడ్డు తేలిక. సాయంత్రం దీనికి తిరగబడుతుంది. మీతోపాటే వేల మంది బయటికి పోతుంటారు. బట్టలు కొందాం, చుట్టాలను చూద్దాం అని అయిదు దాకా ఉంటే ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోతారు.

ఇంకో ఉపాయం వంతు. మూడు ఇళ్ల కూర ఒకే బండిలో పోతే మూడు బండ్లు ఎందుకు? ఈ రోజు ఒకరు, రేపు ఒకరు. మిగతా ఇద్దరికీ ఆ తెల్లవారు నిద్ర దక్కుతుంది.

చుట్టూ తిరిగి పోవడం

సరూర్‌నగర్ రైతు బజారులో ధర బాగుంది అని తెలిసింది అనుకోండి. చేవెళ్ల నుంచి అది పట్నానికి అవతలి పక్క. మెహిదీపట్నం మీదుగా ఊరి నడుమ నుంచి పోవచ్చు. లేదా ఔటర్ రింగు రోడ్డు మీదుగా చుట్టూ పోవచ్చు.

ఔటర్ రింగు రోడ్డు హైదరాబాద్ చుట్టూ మొలతాడు లాగా ఉంటుంది. మొత్తం 158 కిలోమీటర్లు. మొదటి భాగం 2008లో తెరిచారు. చుట్టు పూర్తయింది 2018లో. పోవడానికి నాలుగు వరుసలు, రావడానికి నాలుగు వరుసలు. నడుమ సిగ్నళ్లు లేవు. ఎక్కడ పడితే అక్కడ ఎక్కలేం, దిగలేం. దిగే చోట్లకు నంబర్లు ఉంటాయి. అప్పా జంక్షన్ దగ్గర 18. శంషాబాద్ 16. తుక్కుగూడ 14. బొంగులూరు 12. బొంగులూరులో దిగితే సాగర్ రోడ్డు వస్తుంది. ఆ రోడ్డు ఎల్.బి. నగర్ తీసుకుపోతుంది. అక్కడికి సరూర్‌నగర్ దగ్గర.

దూరం ఎక్కువ. టోలు కట్టాలి. ముందు అద్దం మీది ఫాస్టాగ్ నుంచి డబ్బు పోతుంది. అందులో డబ్బు ఉందో లేదో ముందు రోజు రాత్రే చూసుకోవాలి. తెల్లారి నాలుగున్నరకు ఊరి నడుమ దారే దగ్గర, టోలు ఉండదు. అప్పుడు చుట్టూ తిరగడం దండగ. ఎనిమిది దాటితే మాత్రం చుట్టు దారే నయం. బండికి బండికి లెక్క మారుతుంది. ఒకసారి అట్లా, ఒకసారి ఇట్లా పోయి చూడండి. గంట, డీజిలు, టోలు మూడూ నోటుబుక్కులో రాసి పోల్చండి. నోటి లెక్క నమ్మవద్దు.

ఈ రోడ్డు మీదికి మూడు చక్రాల ఆటోను రానివ్వరు. మోటారు సైకిలును రానివ్వరు. నాలుగు చక్రాల ట్రాలీ పోవచ్చు. సరుకు బండి ఎడమ పక్క వరుసల్లోనే, 80 దాటకుండా పోవాలి. కుడి పక్క వరుసల్లో కార్లు చాలా వేగంగా వస్తాయి.

చదువు రాని రోజుల్లో ఆ అక్క ఒకసారి ఈ రోడ్డు ఎక్కింది. దిగే చోటు దాటిపోయింది. బోర్డు ఉంది, ఆమెకు చదవడం రాలేదు. భయపడి బండిని వెనక్కి నడిపింది. వెనక నుంచి లారీ హారన్ కొడుతూ పక్క నుంచి పోయింది. "ఆ సప్పుడు ఇంకా చెవుల ఉన్నది" అంటుంది. దాటిపోతే వెనక్కి రావద్దు అక్కా. తర్వాతి చోట దిగి, తిరిగి రండి. పది కిలోమీటర్లు ఎక్కువైనా సరే. బండి చెడిపోతే ఎడమ అంచుకు తీసి, మినుకు మినుకుమనే లైట్లు వేయండి. బండిలో కూర్చోవద్దు. అంచు కంచె అవతలికి పోయి నిలబడి 112కు ఫోను చేయండి. దెబ్బ తగిలితే 108.

తెల్లవారుజాము సంగతి

రద్దీ తప్పించుకోవాలంటే చీకట్లో కదలాలి. అందులో ఇంకో అపాయం ఉంది. దాన్ని దాచి పెట్టి పాఠం చెప్పలేను.

చేవెళ్ల రోడ్డు మీకు తెలుసు. రెండు పక్కలా పాత మర్రిచెట్లు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు వెడల్పు చేయాలని అనుకున్నారు. చెట్ల విషయంలో ఏళ్ల తరబడి కేసు నడిచింది. ఆ రోడ్డు మీద 2024 డిసెంబరులో ఆలూరు గేటు దగ్గర ఒక లారీ అదుపు తప్పింది. రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకునేవాళ్ల మీదికి దూసుకుపోయింది. మనలాంటి వాళ్ల ప్రాణాలు పోయాయి. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొట్టింది. 19 మంది చనిపోయారు. అది పొద్దున పూటే.

గంట మిగిలిందని సంబరపడి ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు. రాత్రి రెండు నుంచి అయిదు దాకా మనిషికి నిద్ర ముంచుకొస్తుంది. మొహం మీద నీళ్లు చల్లుకుంటే, పాట పెడితే అది పోదు. కళ్లు మూతపడుతుంటే వెలుతురు ఉన్న చోట, పెట్రోలు బంకు దగ్గర బండి ఆపండి. పావుగంట కునుకు తీయండి. లేచి చాయ తాగి కదలండి. రోడ్డు పక్కన లైటు లేకుండా లారీలు ఆగి ఉంటాయి. అవి దగ్గరికి వచ్చేదాకా కనపడవు. కాబట్టి మీ లైటు వెలుగు పడేంత దూరంలో ఆపగలిగే వేగమే మీ వేగం.

ఇంకో మాట. సంచుల మీద ఆడవాళ్లను కూర్చోబెట్టుకుని పోవద్దు. ఛార్జీ మిగులుతుంది అంటారు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు కదా. సరుకు ట్రాలీలో, మనుషులు బస్సులో.

నిద్ర చాలాలంటే రాత్రి ఎనిమిదిన్నరకు పడుకోవాలి. ఇది చెప్పగానే మన కేంద్రంలో పెద్ద గొడవ అయింది.

"ఎనిమిదిన్నరకు పండుకుంటే గిన్నెలు నువ్వొచ్చి తోముతవా టీచరమ్మా?" అన్నది ఒకామె.

ఆమె అన్నది నిజం. రాత్రి పది దాకా ఇంటి పని, మూడున్నరకు మళ్లీ లేవడం, ఆపైన బండి తోలడం ఒక్క మనిషి వల్ల కాదు. ఆ అక్క ఇంటికి పోయి మగనితో అన్నదట: "బండి తోలే రోజు ఎడ్లకు మేత నేనేస్తున్ననా? గేదెను నువ్వు చూసుకో. నాకు నిద్ర లేకపోతే బండి, కూర, నేను ముగ్గురం పోతం." మొదట గునిశాడట. ఇప్పుడు పాలు పిండుతున్నాడు. బాగా పిండడు అని ఆమె ఫిర్యాదు. అది వేరే సంగతి.

ఫోను, లైసెన్సు

పెద్ద ఫోను ఉంటే అందులో రోడ్ల పటం ఉంటుంది. మైకు గుర్తు నొక్కి "మెహిదీపట్నం రైతు బజార్" అని తెలుగులో చెప్పినా చూపిస్తుంది. నీలం గీత అంటే దారి ఖాళీ. పసుపు అంటే నెమ్మది. ఎరుపు అంటే ఆగిపోయారు. ఇంటి దగ్గరే చూడాలి. దారిలో పక్కన ఉన్నామె చూడాలి. తోలేవాళ్లు చూడవద్దు. పటం మీద ఇప్పుడు ఖాళీగా ఉన్నది మీరు చేరేసరికి నిండవచ్చు. కాబట్టి పటం కంటే గడియారం పెద్దది.

"నేను ఎనిమిది చదవలేదు, నాకు లైసెన్సు ఎట్లా ఇస్తరు?" అని చాలామంది అడుగుతారు. ముందు సరుకు బండి తోలడానికి ఎనిమిదో తరగతి కావాలి అనే నియమం ఉండేది. 2019లో దాన్ని తీసేశారు. తోలడం రావాలి, రోడ్డు గుర్తులు తెలియాలి, పరీక్ష పాసు కావాలి. అంతే. గుర్తులు మనం వచ్చే వారం చదువుకుందాం.

చదవండి:
శంషాబాద్. తుక్కుగూడ. బొంగులూరు. నెమ్మదిగా వెళ్లండి. ముందు మలుపు ఉంది. వాహనం నిలపరాదు.

లెక్క చేయండి:
1. మీరు 18వ నంబరు దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కారు. నంబర్లు తగ్గుతూ పోతాయి. 12 దగ్గర దిగాలి. నడుమ ఎన్ని దిగే చోట్లు దాటుతారు? వాటి నంబర్లు వరుసగా రాయండి.
2. నల్లా దగ్గరికి ఒకామె ఆరూ ఇరవైకి వచ్చింది. ఆమె ముందు ఎంతమంది ఉన్నారు? ఆమె బిందె నిండి ఇంటికి కదిలేసరికి గంట ఎంత?
3. మీ ఇంటి నుంచి మీరు సరుకు అమ్మే చోటికి రేపు ఎన్ని గంటలకు కదిలారో, ఎన్నింటికి చేరారో రాయండి. ఎల్లుండి అరగంట ముందు కదిలి మళ్లీ రాయండి. రెండు కాగితాలూ కేంద్రానికి తీసుకురండి.